శాస్త్రచర్చయుఁ బ్రసంగసంగతియు

ఒక సూత్రముఁ జేపట్టి పండితు లిరువురు కూర్చుండిరేని సంభాషణము కడవఱకు నా సూత్రముకడనే నిలుచుట యరుదు. ప్రత్యయమునుగూర్చి మొదలైన మాట వంటయింటిలోనికిఁ బోవును; అందుండి పొలమునకును, బాటకును, పెండ్లిపందిటికినిఁ బోవును; తుదకు మాటలాడువారి బ్రదుకులనే తడవును. దీనినిఁ గొందఱు దోషముగా నెన్నుదురు. ప్రకృతమును విడిచి యప్రకృతమునఁ బడుట బుద్ధిశైథిల్యమునకు గుర్తని వారి యభిప్రాయము. మఱికొందఱు దీనినే గుణముగాఁ దలఁచి, సిద్ధాంతము మాటలకొక నెపముమాత్రమే యనియు, మాట సాగిన పిమ్మట నెపముతోఁ బనిలేదనియుఁ జెప్పుదురు. ఈ రెండు మతములును విమర్శింపఁదగినవియే. శాస్త్రసిద్ధాంత మెట్లు విరివియైన స్వకీయసంభాషణమునకు ఊఁత యగును, ఎప్పు డట్టి సంభాషణమునకు గొడ్డలిపెట్టగును అనునది యిచ్చటి విచార్యాంశము. దీనికిఁ బతంజలి మహాభాష్యముకంటెఁ దగిన లక్ష్యము వేఱొకటి లేదు.

ముందుగాఁ బ్రసంగ మను మాటనే పరికింపవలయును. తెలుఁగున నేఁ డీ పదమునకు ఉపన్యాస మను నర్థము ప్రసిద్ధము. శాస్త్రమున నర్థము వేఱు. ఒక విషయము తరువాత మఱియొక విషయమును జెప్పుటకుఁ గల సంబంధమును శాస్త్రకారులు సంగతి యనిరి. అది ప్రసంగము, ఉపోద్ఘాతము, హేతుత, అవసరము, నిర్వాహకైక్యము, కార్యైక్యము నని 6 విధములు. వీనిలోఁ బ్రసంగమునకుఁ జెప్పిన లక్షణ మిది: తలఁపునకు వచ్చిన యర్థము ఉపేక్షింపఁదగనిదై యుండుట. ఈ లక్షణమున రెండంశములు గలవు. తలఁపునకు వచ్చుట యొక్కటియే చాలదు. తలఁపునకు వచ్చునవి యనంతములు. వచ్చినది త్రోసిపుచ్చఁదగనిదియుఁ గావలయును. అనఁగా దానిని విడిచినచోఁ దెలియవలసిన దేదియో తెలియకపోవలయును. ఇట్లు శాస్త్రము తన గీఁతను దాఁటిపోవుటకుఁ దానే త్రోవ నిచ్చి, యా త్రోవకు హద్దునుగూడఁ జూపినది. అప్రకృత మని యన్నిటిని నిషేధించువారు మొదటి యంశమును మఱచిరి. నెపము చాలు ననువారు రెండవదానిని మఱచిరి.

ఇంక నట్టి సంభాషణమునకుఁ గావలసిన మనఃస్థితి యెట్టిది? దీనిని వైద్యశాస్త్రకారులు నిపుణముగాఁ జెప్పిరి. చరకసంహిత విమానస్థానమున 8వ యధ్యాయమునందు, ఒకే విద్య నభ్యసించినవారి సంభాషణము సంధాయసంభాష యనియు విగృహ్యసంభాష యనియు రెండు తెఱఁగులుగా విభజింపఁబడినది. మొదటిది చెలిమితోఁ గూడినది. రెండవది పోరుతోఁ గూడినది. కోపము, అసూయ లేనివాఁడును, ఓర్పు గలవాఁడును, నచ్చఁజెప్పినచో నంగీకరించువాఁడును దొరకినయెడల వానితోఁ జెలిమిసంభాషణ చేయవలయునఁట. అందు వెఱవక యడుగవలెను; వెఱవక చెప్పవలెను; ఓటమికి జంకరాదు; గెలిచితి నని పొంగరాదు; పదుగురిలో దానిని జాటుకొనరాదు. సంభాషణమువలని లాభములను జెప్పుచు నా గ్రంథము మఱియొక సూక్ష్మమును గనిపెట్టినది. ఆచార్యుఁడు సేవించు శిష్యునకు మెల్లమెల్లఁగాఁ జెప్పఁదలఁచి దాఁచికొన్న రహస్యమును, మాటల యుత్సాహమున నొక్కపెట్టున వెలిపుచ్చు నని దాని తాత్పర్యము. పాఠమునఁ బైకి రానిది మాటలాటలోఁ బైకి వచ్చును. వైద్యుఁడు మనుష్యస్వభావముఁ దెలిసినవాఁడు గావున దీనిని గుర్తించెను.

న్యాయశాస్త్రమునందును ఇట్టి భేదమే కలదు. వాదము, జల్పము, వితండ యని కథ మూఁడు విధములు. వాదమును శిష్యునితోను, గురువుతోను, సహాధ్యాయితోను, అసూయ లేనివారితోను జేయవలయు ననియు, జల్పవితండలు మొలకకుఁ గంపకంచెవలెఁ దత్త్వమును గాపాడుటకుమాత్ర మనియు నాల్గవ యధ్యాయమునఁ జెప్పఁబడినది. కంచె యుండవలసినదే. కాని కంచెను బండించికొని తినువాఁ డుండఁడు.

ఈ లక్షణములను మనసున నుంచికొని మహాభాష్యమును జూడవలయును. క్రీస్తునకుఁ బూర్వము రెండవ శతాబ్దియం దిది రచింపఁబడిన దని పెక్కుమంది పండితుల యభిప్రాయము. ఇందు 85 ఆహ్నికములు గలవు. ఆహ్నిక మనఁగా నొకదినపుఁ బాఠము. గ్రంథము పేరులోనే కూర్చుండి చెప్పికొన్న జాడ యున్నది. పాణిని సూత్రములను, వానిపైఁ గాత్యాయనుని వార్తికములను జేపట్టి, భాష్యకారుఁ డొకరితో నొకరు మాటలాడుచున్నట్లు వ్రాసెను. అడుగువాఁ డొకఁడు, సగము తెలిసి చెప్పువాఁ డొకఁడు, తీర్చి చెప్పువాఁ డొకఁడు. సంప్రదాయజ్ఞులు వీరి నాక్షేప్త, ఏకదేశి, సిద్ధాంతి యని పేర్కొందురు. సగము తెలిసినవానికిఁగూడఁ దన మాట చెప్పుకొనుటకుఁ జోటిచ్చుట యీ గ్రంథము యొక్క ప్రత్యేకత. వాని మాట తుదకు నిలువకపోవచ్చును. కాని యది చెప్పఁబడకయే త్రోయఁబడదు.

మొదటి యాహ్నికమగు పస్పశయందే శాస్త్రము వీథిలోనికి వచ్చినది. శబ్దములు సిద్ధములా, కార్యములా యను కఠినప్రశ్నకు సమాధానముగా భాష్యకారుఁడు కుమ్మరిని బిలిచెను. కుండకొఱకు జనులు కుమ్మరిని వెదకికొని పోవుదురు గాని, మాటలకొఱకు వైయాకరణుని గడప నెవ్వఁడును ద్రొక్కఁడనుట యందలి సారము. ఇది యలంకారమునకుఁ జెప్పిన యుపమానము గాదు, ఇదియే సాధకము. దీనిని దీసివేసినచో వాదము నిలువదు. అంతేకాదు, ఈ యొక్క దృష్టాంతముచేతఁ బండితుఁడు తన యధికారమును దానే తగ్గించికొన్నాఁడు. మాట లోకమునది, శాస్త్రము దానికి నియమము చేయునదే గాని దానిని సృజించునది కాదు. ఆ యాహ్నికముననే అపశబ్దజ్ఞానమువలన నధర్మము గలుగదా యను శంకకు నూయి త్రవ్వువాఁడు సమాధానమైనాఁడు. వాఁడు త్రవ్వునప్పుడు బురద పూసికొనును. నీరు పడిన తరువాత నా నీటితోనే కడిగికొనును. లక్షణమునఁ గొన్ని దోషము లున్న వని లక్షణమునే మానవచ్చునా యను ప్రశ్న వచ్చినపుడు, లేళ్లు మేయు నని యవలు చల్లక మానిన రైతును, బిచ్చగాండ్రు వత్తు రని పొయ్యిమీఁదఁ గుండ పెట్టక మానిన గృహస్థును లోకమునఁ గానమని పలుతావులఁ జెప్పఁబడినది. శాస్త్రజ్ఞుని భయమునకు రైతు ధైర్యము మందైనది.

ఇవి లోకసంభాషణములు. స్వకీయసంభాషణము మఱియొక మెట్టు లోఁతున నున్నది. దానికి 3-2-115 సూత్రముపైఁ గల భాష్యము మేలైన నిదర్శనము. ఆ సూత్రము పరోక్షభూతమున లిట్టును విధించును. చెప్పువాఁడు కంటఁ జూడనిది పరోక్షము. అట్లైన నెంత దూరపుది పరోక్షము? నూఱేండ్లనాఁటి దని కొందఱు, వేయేండ్లనాఁటి దని కొందఱు, గోడచాటునదియుఁ జాపచాటునదియు నని కొందఱు, రెండుమూఁడు దినములనాఁటి దని కొందఱు నన్నట్లు చెప్పి, భాష్యకారుఁడు కాలమును గొలుచుట యెంత కష్టమో కనఁబఱిచెను. అంతట వేఱొక చిక్కు వచ్చినది. ఉత్తమపురుషమున లిట్టు ప్రయుక్తమగుచున్నదే. తాను జేసిన పని తనకే కంటఁ బడకపోవుట యెట్లు? నిద్రలోఁ బలవరించినవాఁడును, మత్తున వదరినవాఁడును దమ చేఁతను దాము పరులవలన వినువారే గదా యని మొదటి సమాధానము. ఇది చాలును. సూత్రమునకుఁ గావలసినది సిద్ధించినది. కాని సంభాషణ మాఁగలేదు. మేలుకొన్నవాఁడుగూడఁ దన యెదుటి దానిని గానకపోవుట గలదని చెప్పి, భాష్యకారుఁడు శాకటాయనుని కథను దెచ్చెను. వైయాకరణులలోఁ బ్రసిద్ధుఁడైన యాతఁడు బండ్లబాటలోఁ గూర్చుండియు, వరుసగాఁ బోవుచున్న బండ్లగుంపును జూడలేదఁట. మనస్సు దగ్గఱ లేకున్నచో నింద్రియములు తెలియఁజాలవని కారణము చెప్పఁబడినది.

శకటశబ్దమునుండి పుట్టిన పేరు గలవాఁడు శకటములనే కానకుండుటలోఁ జిన్న నవ్వు గలదు. ఐనను ఆ నవ్వు పరునిపై విసరినది గాదు. శాకటాయనుఁడు స్వకులస్థుఁడు, వ్యాకరణకులమునకుఁ బూర్వాచార్యుఁడు. శబ్దచింతలో మునిఁగి ప్రపంచమును గోలుపోవుట యీ విద్య నభ్యసించువారందఱికిఁ గల ప్రమాదము. క్రియాపదము యొక్క యొకరూపమును సాధింపఁబోయి, భాష్యకారుఁడు తన జాతివారి బ్రదుకులోని వెలితిని బయటఁ బెట్టెను. బండ్లబాట తలఁపునకు వచ్చినది, ఉపేక్షింపఁదగనిదియు నైనది. ఏల ననఁగా, నిద్రయు మత్తును జెప్పినంతమాత్రమున మేలుకొన్నవాని పరోక్షము మిగిలిపోవును. ప్రసంగలక్షణ మిందు సంపూర్ణముగాఁ బట్టినది. ఇల్లువిడిచి పొరుగూరి కేఁగినవాఁ డింటికిఁ గావలసిన సరకుతోఁ దిరిగివచ్చినట్లు, సంభాషణము సూత్రమునకుఁ దిరిగివచ్చినది.

8-2-3 సూత్రభాష్యమునఁ గల వృద్ధకుమారి కథయు నిట్టిదే. పెండ్లి లేక ముదిసిన కన్యను ఇంద్రుఁ డొక్క వరము గోరుకొమ్మనఁగా, ఆమె తన కొడుకులు పాలును నెయ్యియు సమృద్ధిగాఁ గల యన్నమును గంచుపాత్రములఁ దినవలె నని కోరినదఁట. భర్త లేఁడు, కొడుకులు లేరు, ఆవులు లేవు, ధాన్యము లేదు; ఒక్క వాక్యముచేత నన్నియు సిద్ధించినవి. ఒక వచనము పెక్కు ప్రయోజనములను సాధించు ననుటకు దీనిని జూపిరి. కాని పాఠకునకు మిగులునది యా ప్రక్రియ గాదు. పెండ్లి కావలె నని నోరువిప్పి యడుగని యొక స్త్రీ, కొడుకుల కంచముఁ జూపి తన బ్రదుకునందలి లేములన్నిటిని జెప్పినది. శాస్త్రవాక్యము యొక్క సంక్షేపశక్తికి దృష్టాంతమై వచ్చిన యామె కోరిక, శాస్త్రమునకంటె నెక్కువకాలము మనసున నిలుచును.

ఈ గ్రంథమునందలి సంభాషణములలోఁ దలమానికము 2-4-56 సూత్రముపైఁ గల సూతవైయాకరణసంవాదము. అజధాతువునకు ఆర్ధధాతుకప్రత్యయములు పరమగునపుడు ‘వీ’ యను నాదేశము వచ్చునని యా సూత్రార్థము. దానిఁబట్టి తోలువానిని ‘ప్రవేత’ యనవలయును. ఒక వైయాకరణుఁడు రథముఁ జూచి దానికిఁ బ్రవేత యెవ్వఁ డని యడిగెను. సూతుఁడు గౌరవముతో బదులు చెప్పుచుఁ దాను ‘ప్రాజిత’ ననెను. వైయాకరణుఁ డది యపశబ్ద మనెను. దానికి సూతుఁడు, ఈ దేవానాంప్రియునకు సూత్రప్రాప్తి తెలియును గాని యిష్టి తెలియదనియు, ఆ రూపము శిష్టుల కిష్టమే యనియు సమాధాన మిచ్చెను. వైయాకరణునకుఁ గోపము వచ్చినది. ఈ ‘దురుతు’నిచే బాధింపఁబడుచుంటి నని తిట్టెను. ఆ తిట్టు సూతశబ్దమును వేఞ్ ధాతువునుండి సాధించి, ‘సు’ స్థానమున ‘దుర్’ నిలిపి చేసినది. సూతుఁడు చలింపక, సూతశబ్దము వేఞ్ ధాతువువలనఁ బుట్టినది కాదనియు, ప్రేరణార్థకమగు సువతి ధాతువువలనఁ బుట్టినదనియుఁ జెప్పి, నిందింపఁదలఁచినచో ‘దుస్సూతుఁ’ డని ప్రయోగింపవలె నని నేర్పెను. అంతటితోఁ గథ ముగియును. వైయాకరణుని మఱుమాట గ్రంథమున లేదు.

ఈ చిన్నకథ యందు మూఁడు విషయములు గలవు. మొదటిది, సిద్ధాంత మొకటే యైనను దానిని బట్టికొన్న చేతులు వేఱు. వైయాకరణుని చేత సూత్రము దుడ్డుకఱ్ఱ. సూతునిచేత నది దీపము. రెండవది, చర్చ రూపసిద్ధినుండి మనుష్యునిపైకి మరలినచోటు. ‘ప్రాజిత’ సాధువా యను ప్రశ్నకు సమాధానము లేకపోఁగా, వైయాకరణుఁడు చెప్పినవానినే నిందించెను. స్వకీయమునకు దిగుట యిదియుఁ గలదు; శాకటాయనకథలో దిగుటయుఁ గలదు. అచ్చటఁ దన లోపమును దాను విప్పికొనుట, ఇచ్చట నెదుటివాని పుట్టుక నెత్తిపొడుచుట. రెంటికిని స్వకీయ మను పేరు గల దని రెండును సమానములు గావు. మూఁడవది మిక్కిలి ముఖ్యము: సూతుఁడు తిట్టునకుఁ దిట్టు నొసఁగలేదు. తిట్టులోని వ్యుత్పత్తిదోషముఁ దిద్దెను. అవమానమునుగూడ శాస్త్రవిషయముగాఁ దీసికొని, సంభాషణమును బోరునుండి చర్చకు మరలఁ దెచ్చెను. చరకుఁడు చెప్పిన చెలిమిసంభాషణపు యోగ్యత లిచ్చట రథము తోలువానికే పట్టినవి.

దీని కాక్షేపము రావచ్చును. సూతుఁడును, వైయాకరణుఁడును, వృద్ధకుమారియు నొక్క భాష్యకారుని కలమునుండి వచ్చినవారే గదా. పండితుఁడు తన వేడుకకుఁ గల్పించిన పాత్రములు మాటలాడినంతమాత్రమున లోకము మాటలాడినట్లగునా? ఈ యాక్షేపమున బలము గలదు. 8-2-83 సూత్రముచేత, నమస్కరించినవానికిఁ బ్రత్యభివాదము చేయునపుడు వాని పేరు చివరయచ్చును బ్లుతముగాఁ బలుకవలెను. కాని యా గౌరవము శూద్రునకు లేదని సూత్రమే చెప్పుచున్నది. స్త్రీలకును లేదని వార్తికము చేర్చినది. కథలో సూతుఁడు గెలిచెను గాని, యట్టివారి నూరివీథిలో నెట్లు పలుకరింపవలయు నను చోట శాస్త్రము తన సంఘపు గోడలలోనే నిలిచిపోయెను. దీనిని మఱుఁగుపఱచి భాష్యమును గొనియాడుట విమర్శకునకుఁ దగదు. ఐనను వేఱొకటి చెప్పవలసి యున్నది. కల్పితపాత్ర మైనను సూతుని గెలుపు ప్రక్రియాసత్యము. ‘ప్రాజిత’ యను రూపమును శాస్త్రము నిజముగా నంగీకరించినది. పండితుఁడు లోకుని మాటవలనఁ దన సూత్రవ్యాప్తిని సవరించికొన్నాఁడు. లోకమును బిలిచి కూర్చుండఁబెట్టి, దాని మాటను బట్టి తన మాటను మార్చుకొనని శాస్త్రములు పెక్కు గలవు; వానితోఁ బోల్చినచో నిది చిన్న విషయము గాదు.

ఈ సంభాషణము పిదపకాలమున నేమైనది? 17వ శతాబ్దికిఁ జెందిన భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముది సుమారు 4,000 పాణినిసూత్రములను బ్రక్రియక్రమమున మార్చి కూర్చినది. దాని మేలు సామాన్యము గాదు. సంధి కావలసినవానికి సంధి, సమాసము కావలసినవానికి సమాసము నొక్కచోట దొరకును. తెలుఁగునాఁట సంస్కృతవ్యాకరణముఁ జదివినవారిలోఁ బెక్కు రా బాటనే నడచిరి. కాని 2-4-56 కౌముదియం దెట్లున్నదో చూడవలయును. వలాద్యార్ధధాతుకమున నాదేశము వైకల్పిక మను నొక్క చిన్నమాట మిగిలినది. రూపము సిద్ధించినది, సూతుఁడు లేఁడు. కౌముది చదివిన విద్యార్థి ‘ప్రాజిత’ యని తప్పులేక పలుకఁగలఁడు, కాని యా రూపము నెవ్వఁడు నిలిపెనో, యెట్టి తిట్టు సహించి నిలిపెనో యెఱుఁగఁడు. ఫలము చేతికి వచ్చెను, చెట్టు కనఁబడకపోయెను.

ఆ భట్టోజిదీక్షితుని గ్రంథమే మఱియొక నిదర్శనమునకుఁ దావైనది. తన కౌముదికిఁ దానే వ్రాసికొన్న ప్రౌఢమనోరమయం దాతఁడు శేషకృష్ణుని ప్రక్రియాప్రకాశమును ఖండించెను. శేషకృష్ణుఁ డాతనికి గురువు. శేషకృష్ణుని కుమారుఁడైన వీరేశ్వరుని సంబంధముచే నా గురుకులమునకుఁ జెందిన జగన్నాథపండితరాయలు, తెలుఁగువారిలోఁ బుట్టి షాజహాను కొలువున మన్ననఁ గన్నవాఁడు, దానికిఁ బ్రతిగా మనోరమాకుచమర్దన మను ఖండనగ్రంథమును వ్రాసెను. మనోరమ యను స్త్రీనామమును శ్లేషించి పెట్టిన యా పేరే గ్రంథకర్త మనఃస్థితిని జెప్పుచున్నది. గురుద్రోహ మనునది యందలి యభియోగము. పండితరాయల పాండిత్యమున లోపము లేదు. రసగంగాధరకర్త యుక్తిపాటవమును శంకించుట యవివేకము. అందలి వ్యాకరణవిచారములు కొన్ని నిజముగా విలువ గలవి. కాని సంభాషణ ముగా దానిని బరికించినచో, స్వకీయము శాస్త్రమును విరివి చేయుటకు మాఱుగా నిఱుకు చేసినది. కుమ్మరి రాలేదు, రైతు రాలేదు, బండ్లబాట రాలేదు. ఇరువురు పండితుల నడుమ నొక గురువు నీడయు, నొక పగయు మాత్రమే నిలిచినవి. సూతునకుఁ దగిలిన తిట్టు సూతునినోటఁ జర్చగా మాఱినది. ఇచ్చటఁ జర్చ తిట్టుగా మాఱినది. సిద్ధాంతమునుండి స్వకీయమునకుఁ బోవుట దానంతట మేలు గాదు, కీడు గాదు. పోయినవాని చేతి నేమున్న దను దానినిబట్టి మేలుకీడు లేర్పడును.

తెలుఁగున నీ విషయమునకు మేలిమి లక్ష్యము చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి ‘కథలు-గాథలు’. 1870లో జన్మించి 1950లో గతించిన యా కవి, చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారియొద్ద వ్యాకరణము చదివినవాఁడు; దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితోఁ గూడి యవధానములచే నాంధ్రదేశము నెల్లఁ గదలించినవాఁడు. ఆయన గద్యరచన లగు నీ వ్యాసములు పత్రికలయందు వెలువడి పిదప సంపుటము లైనవి. ఇందు శాస్త్రము పీఠమెక్కి కూర్చుండదు. పదముయొక్క సాధుత్వమో, పద్యముయొక్క పాఠమో మాటకు మొద లగును; దానినుండి గురువుల యింటికిని, రాజాస్థానములకును, సభలలోని చిక్కులకును, పంతములకును మాట సాగిపోవును. మొదటి విషయమును వెదకికొని చదువువాఁడు విసుగునొందవచ్చును. సంగతి కుదురని చోట్లును లేకపోలేదు. పగలు, పోట్లాటలు నందుఁ దక్కువ గావు. ఐనను వీనిని జదివిన పిదపఁ బాఠకునకుఁ దెలియునది యొక్కపదముయొక్క సాధుత్వము గాదు. ఆ కాలమున విద్య యెట్లు బ్రదికినది, యెవరి యన్నముఁ దిన్నది, యే మాటకు నొచ్చుకొన్నది యనునది. ఇది యే సాహిత్యచరిత్రగ్రంథమునను దొరకదు. శాస్త్రవిచారముమాత్రమే వ్రాసి తక్కినది త్రోసిపుచ్చినచో నశించిపోయి యుండెడి దీ ధనము. ఉపేక్షింపఁదగనిది యేదియో గుర్తుపట్టుటలో నాయన మనసు పండిన దని యొప్పుకొనవలయును.

ఇరువదవ శతాబ్దినుండి తెలుఁగు విమర్శమునకుఁ బశ్చిమమునుండి క్రొత్తసిద్ధాంతములు పెక్కు వచ్చినవి. అవి పరాయివి యని త్రోయుట సరిగాదు. నిర్మాణవాదమునకు మూలపురుషుఁ డైన సొస్యూరు సంస్కృతమునందలి భావషష్ఠీప్రయోగవిశేషముపై సిద్ధాంతవ్యాసము వ్రాసి 1881లోఁ బ్రకటించినవాఁడు. 1913లో నాతఁడు గతించిన తరువాత, శిష్యులు వ్రాసికొన్న పాఠములను గూర్చి 1916లో నాతని ప్రసిద్ధగ్రంథమును వెలువరించిరి. అదియు నొకవిధమున నాహ్నికములనుండి పుట్టిన శాస్త్రమే. కావున వచ్చిన దెచ్చటినుండి యనునది ప్రశ్న గాదు. దానితో నేమి చేయుచున్నా రనునది ప్రశ్న. ఒక కథనో కావ్యమునో చదివి, సిద్ధాంతమున కనుకూలించు నాలుగు వాక్యములు చూపి, పాత్రములకుఁ బేరుపట్టీలు గట్టి పంపుట నేఁడు కొన్ని పరిశోధనవ్యాసములలోఁ గానవచ్చుచున్నది. అచ్చటఁ గావ్యము సూతుని స్థానమున నున్నది. దానికిఁ దిరిగి చెప్పు నధికార మీయఁబడలేదు. ఫ్రాయిడు మనోవిశ్లేషణము రోగుల మాటలను విని పుట్టినది. సంభాషణమే దాని పుట్టినిల్లు. దానినే పట్టుకొని కొందఱు విమర్శకులు, కవి యిది గా దన్నను, పాఠకుఁ డిది గా దన్నను, ఆ ‘కాదు’ను గూడఁ దమ సిద్ధాంతమునకు సాక్ష్యముగాఁ జూపుదురు. ఎదుటివాని కాదనుటను గూడ దనకు ఔ నను పలుకుగా మార్చుకొను సిద్ధాంతముతో సంభాషణము పొసఁగదు. వైయాకరణుఁడు సూతుని దిట్టెను గాని, వాని ప్రత్యుత్తరమును దుడిచివేయలేదు.

మఱి నెపవాదుల సంగతి యేమి? సిద్ధాంతముపేరు రెండుమాఱు లెత్తి, పిమ్మటఁ దమ యిష్టానిష్టములను, జ్ఞాపకములను బరచుకొని పోవువారు గలరు. వారి మాటలు చెవి కింపుగా నుండవచ్చును. కాని శాకటాయనుఁడు లేకున్నచో లిట్టునకుఁ గలుగు లోపము వంటిది, వారి జ్ఞాపకములు లేకున్నచో సిద్ధాంతమునకుఁ గలుగదు. స్వకీయము శాస్త్రమునకు ఋణము దీర్పలేదు. బండ్లబాటవలన సూత్రార్థము హెచ్చినది. వీరివలన సిద్ధాంతము వచ్చినంతయే యుండి, యంతయే పోయినది.

కావున నిది నిర్ణయము. శాస్త్రసిద్ధాంతమును ఊఁతగాఁ గొని లోకమునకును, స్వజీవితమునకును సంభాషణము వ్యాపించుట దోషము గాదు. మహాభాష్యమున నదియే పరీక్షామార్గము. దాని సాధుత్వమునకు మూఁడు గుర్తులు గలవు. తలఁపునకు వచ్చినది త్రోయఁదగనిదై యుండవలయును. పోయిన మాట సూత్రమునకు ఏదేని నొకటి తెచ్చి తిరిగి రావలయును. ఎదుటివాఁడు, వాఁడు రథము తోలువాఁడైనను సరే, సిద్ధాంతమును గాదనుటకును, ఆ కాదనుట గ్రంథమున నిలుచుటకును జోటుండవలయును. ఈ మూఁడింటిలోఁ గడపటిది కష్టతమము. మొదటి రెండును బుద్ధిచే సాధ్యములు, ఇది స్వభావముచే సాధ్యము. వ్యాకరణముఁ జదువువారికిఁ గౌముదితోఁ బాటు, మొదటి యేఁడాదిననే పస్పశాహ్నికమును, ఈ సూతసంవాదమును జదివించినచో శాస్త్రపటుత్వమునకు వచ్చు లోప మేమియు లేదు. తమ సూత్రమునకు లోకమునఁ బ్రత్యుత్తర మీయఁగలవా రున్నారని వా రాదిలోనే యెఱుఁగుదురు. పాఠక్రమములను నిర్ణయించు విజ్ఞులు దీనిని విచారింతురుగాక.